ఏదీ దాచుకోని టేబుల్

"నువ్వు చెప్పనే లేదు" అన్నాడు రవీందర్.

గ్యాస్ బుక్ చేయమన్న సంగతి. భాగ్యశ్రీ నల్లా కింద పాల క్రేట్లు కడుగుతోంది. చెప్పింది. బండి తాళం కోసం అతను జేబులు తడుముకుంటున్నప్పుడు చెప్పింది, "ఆఁ, సరే" అన్నాడు. అన్నం తినేటప్పుడు మళ్లీ చెప్పింది, "సరే అన్న గద" అని విసుక్కున్నాడు కూడా. ఇప్పుడు సిలిండర్ ఖాళీ అయ్యి పప్పు సగం ఉడుకులో ఆగాక, చెప్పనే లేదట. రవీందర్ అబద్ధాలాడే మనిషి కాదు, అసలు చిక్కే అది. చెప్పలేదని మనస్ఫూర్తిగా నమ్ముతాడు. పెళ్లైన కొత్తలో భాగ్యశ్రీ పోట్లాడేది, ఎప్పుడు చెప్పిందో, ఎక్కడ నిలబడి చెప్పిందో గుర్తుచేసి నిలదీసేది. పోనుపోను చెప్పానా లేదా అని తనకే అనుమానం రావడం మొదలైంది. ఒక్కోసారి నోరు కదిలిందో, మనసులోనే అనుకుందో తేల్చుకోలేక గరిటె పట్టుకుని అలా నిలబడిపోతుంది.

"నోరు తెరిచి చెప్పాలె బిడ్డా, మొగోళ్లకు సవాలక్ష పనులుంటయి" అంది లోపలి నుంచి అత్త సుశీలమ్మ. ఆ వెంటే రోజూ అనేది అననే అంది. "ఒక్క పిల్లను కని చేతులు దులుపుకుంటె ఇల్లు నిండుతదా? మంగళారం మైసమ్మ గుడి చుట్టు తిరుగు. కషాయం తాగు. నీ మనసుల భక్తి లేదు, అందుకె అయితలేదు."

భాగ్యశ్రీ క్రేటు బోర్లించింది. ఆ కషాయం రుచి ఆమెకు నిద్రలో కూడా నాలుక మీదికి వస్తుంది.

చాంద్రాయణగుట్ట చౌరస్తా నుంచి కాస్త లోపలికి వెళ్తే వస్తుంది వాళ్ల ఇల్లు. కింద పాల డైరీ, పైన కాపురం. మామ వైకుంఠం బతికున్న రోజుల్లో వెనక కొట్టంలో బర్రెలుండేవి. ఇప్పుడు పాలు ఊరి అవతల నుంచి క్యాన్లలో వస్తాయి, ఇక్కడ ప్యాకెట్లవుతాయి, తెల్లారేసరికి బార్కస్ దాకా ఇళ్ల గుమ్మాలకు వేలాడే సంచుల్లో పడతాయి. ఎవరికి ఎన్ని ప్యాకెట్లు, ఏ గల్లీ అన్నదంతా ఫోన్‌లో ఒక ఆప్. ఆ ఆప్‌కి వెనక దన్ను మెట్ల కింద పెట్టిన సర్వర్. దాన్ని చూసుకునేది భాగ్యశ్రీ. ఎంసీఏ చదివి, పెళ్లికి ముందు మాదాపూర్‌లో ఒక కంపెనీలో డేటాబేసులే చూసేది. "కంప్యూటర్ చదివిన కోడలు ఇంట్ల ఉండంగ బయటోన్ని పెట్టుకునుడేంది" అన్నాడు బావ అంజన్. రవీందర్‌కి అన్న, గుడిమల్కాపూర్ మార్కెట్ దగ్గర పెద్ద దుకాణం ఆయనదే. జీతం మాట ఆమె ఒకే ఒక్కసారి ఎత్తింది. "ఇంటి మనిషికి జీతమేందమ్మా, నలుగురు నవ్వుతరు" అన్నాడు. నలుగురి దాకా ఎందుకు, ముందు ఆయనే నవ్వాడు.

ఆ రోజు మధ్యాహ్నం, వాన పట్టే ముందు, ఆ బావే ఫోన్ చేశాడు.

"ఏంది భాగ్యా, ఆప్‌ల సూచనల డబ్బా అని ఒకటుంటది గద, దాంట్ల రాసినయన్ని ఎటు పోతున్నయ్? ఫంక్షన్ హాల్ సేటు ఒక్కటే లొల్లి. ఎన్నిసార్లు రాసినా పట్టించుకుంటలేరంటడు. ఒక్కటి గూడ మాకు రాలే."

"అది ఖాళీగ ఉంటదని నేను అప్పుడే చెప్పిన బావా."

"నువ్వు నాకేం చెప్పలే."

ఈ గుణం అన్నదమ్ములిద్దరికీ సమానంగా పంచి వెళ్లాడు వైకుంఠం.

"సరె తియ్. రేపు మనిషొస్తడు, మొత్తం కొత్త మిషన్‌ల ఎక్కిస్తడు. పాత రాతలన్ని ఎతికి తీసి పెట్టు. నేనే కూసోని ఒక్కొక్కటి చదువుత" అని పెట్టేశాడు.

ఫికర్ పడాల్సిన పనేమీ లేదనుకుంది భాగ్యశ్రీ. అక్కడ ఏమీ లేదని ఆమెకు తెలుసు. కాపురానికొచ్చిన కొత్తలోనే చూసింది. డేటాబేస్‌లో ప్రతి టేబుల్‌కీ, అంటే రాతలు నింపే ప్రతి పట్టికకీ, వెనక ఒక స్టోరేజ్ ఇంజన్ ఉంటుంది. వచ్చిన మాటను ఎక్కడ పెట్టుకోవాలి, ఎన్నాళ్లు పెట్టుకోవాలి, కరెంటు పోతే ఏం చేయాలి అన్నది దాని ఇష్టం. ఒక రకం ఇంజన్ అన్నీ భద్రంగా డిస్కులో రాసుకుంటుంది. ఇంకో రకం కరెంటున్నంతసేపే గుర్తుపెట్టుకుంటుంది. ఈ సూచనల టేబుల్‌కి ఎవరో పెట్టిపోయిన ఇంజన్ పేరు బ్లాక్‌హోల్. ఏం రాసినా తీసుకుంటుంది, "అందింది, ధన్యవాదాలు" అని మర్యాదగా జవాబిస్తుంది, ఏదీ దాచుకోదు. తెరిచి చూస్తే ఎప్పుడూ ఖాళీయే. ఇలాంటి ఇంజన్‌తోనే కదా నేను కాపురం చేస్తున్నది అని అప్పట్లో ఒక్కతే నవ్వుకుంది. మార్చనా అని అడిగితే అన్నదమ్ములు "నడుస్తుంది గద, ముట్టుకోకు" అన్నారు. ముట్టుకోలేదు.

ముట్టుకోలేదు గానీ, రాయడం మొదలుపెట్టింది.

మొదట ఊరికే, పనిచేస్తుందా లేదా అని "పరీక్ష" అని రాసింది. అందింది, ధన్యవాదాలు. చూస్తే లేదు. ఇంకో రోజు "కూర మాడింది, అందరి ముందు మా అమ్మను అన్నారు" అని రాసింది. అందింది. లేదు. అలా లేకపోవడం ఆమెకు ఎంత హాయిగా అనిపించిందంటే, పని చూసుకునేవేళ తలుపు ఓరగా వేసి రోజూ ఒకటో రెండో మాటలు రాయడం అలవాటైపోయింది. అమ్మతో చెబితే అమ్మ ఏడుస్తుంది. స్నేహితురాలితో చెబితే సలహా ఇస్తుంది. దీనికి చెబితే అందింది అంటుంది, మరుక్షణం మరిచిపోతుంది. రవీందర్ చేయి మీద పడగానే ఒళ్లు ఎలా బిగుసుకుంటుందో రాసింది. మాదాపూర్ ఆఫీసులో తన కుర్చీ ఇప్పటికీ కలలోకి వస్తుందని రాసింది. పోయిన ఏడాది, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా దవాఖానకు వెళ్లి కాపర్-టీ వేయించుకొచ్చిన రోజున, ఆ సంగతి కూడా రాసింది. "నేను మళ్లీ కనను. కారణం అడిగితే నా దగ్గర లేదు. వద్దు, అంతే." బిడ్డ శ్రీహిత బడి నుంచి వచ్చే ఆటో హారన్ వినిపించే లోపు కళ్లు తుడుచుకుంది.

ఆ ఒక్క మాట ఇంట్లో తెలిస్తే ఏమవుతుందో భాగ్యశ్రీకి బాగా తెలుసు. పిల్లను అట్టిపెట్టుకుని తనను పుట్టింటికి పంపుతారు. పెద్దమనుషులు కూర్చుంటారు. తన ఒంట్లో ఉన్న చిన్న తీగ ముక్క గురించి మీసాలున్నవాళ్లంతా మాట్లాడతారు.

అందుకే ఆ మధ్యాహ్నం నింపాదిగానే సర్వర్ ముందు కూర్చుంది. రేపు మనిషి వచ్చేలోపు ఇంజన్ మార్చి, ఇకనుంచి వచ్చే రాతలైనా నిలిచేలా చేస్తే సరిపోతుంది. మార్చేముందు ఆ టేబుల్‌ని ఇంకెవరైనా వాడుతున్నారేమో చూడాలని, సర్వర్‌కి ఎవరెవరు తగిలి ఉన్నారో తీసి చూసింది. అటు చూడాల్సిన అవసరం ఇన్నేళ్లలో ఎప్పుడూ పడలేదు. ఆప్ ఉంది. తాను ఉంది. మూడోది ఇంకొకటి ఉంది.

ఆ మూడోది ఏమీ అడగడం లేదు, ఏమీ రాయడం లేదు. వింటోంది. సర్వర్ ఎప్పుడు మొదలైందో అప్పటినుంచి, ఒక్క క్షణం కూడా వదలకుండా, ఇక్కడ జరిగే ప్రతి రాతా తనకూ వినిపించమని కూర్చుని ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది, చదువుకున్న చదువే, పరీక్షకు రాసి మరిచిపోయిన చదువు. బ్లాక్‌హోల్ ఇంజన్ తన దగ్గర ఏదీ దాచుకోదు. కానీ సర్వర్ తన లాగ్‌లో, జరిగినదంతా రాసుకునే చిట్టాలో, మాత్రం వచ్చిన ప్రతి రాతనూ ఎక్కిస్తుంది, నకలు తీసుకునే ఇంకో మిషన్ ఎక్కడైనా ఉంటే దానికి అందిస్తుంది. అసలు అందుకే పెడతారు ఆ ఇంజన్‌ని, ముందున్న మిషన్ మీద బరువు పడకుండా. లాగ్ తెరిచింది. పొద్దున తాను రాసిన మాట కళ్ల ముందే ఉంది, అక్షరం పోకుండా. "కషాయం వాంతి అయింది. బాగైంది."

అన్నీ తుడిచేయమని గబగబా ఆజ్ఞ కొట్టింది. సరేనంది సర్వర్. మళ్లీ లాగ్ చూసింది. తుడవమన్న ఆజ్ఞ అందులోకి ఎక్కనే లేదు. ఆ ఇంజన్ తీరే అంత. రాసినవన్నీ అవతలికి దాటిపోతాయి, తుడిచినవి దాటవు. ఉన్నచోటికి వెళ్లి తుడిస్తే తప్ప పోవు. రేపు వచ్చే మనిషి కూడా ఆమె చూసిందే చూస్తాడు, ఆ మూడోదాన్ని పట్టుకుంటాడు, అందులో ఉన్నదంతా కొత్త మిషన్‌లోకి ఎక్కిస్తాడు. బావ తీరిగ్గా కూర్చుని ఒక్కొక్కటి చదువుతాడు.

వాన మొదలైంది. మెట్ల కింద చీకటి పడింది. వినేదాని చిరునామా చూస్తే అది ఎక్కడో లేదు, ఈ ఇంట్లోనే ఉంది. సర్వర్ వెనక తీగలన్నీ చేత్తో తడుముతూ పోతే ఒక నీలం తీగ గోడలో కన్నంలోంచి అవతలికి దూరింది. గోడకు అవతల నెయ్యి కాచే అర్ర. ఇప్పుడు అక్కడ ఎవరూ నెయ్యి కాచరు. దాని తాళం సుశీలమ్మ బొడ్డున ఉంటుంది. ప్రతి శుక్రవారం ఆమె ఒక్కతే లోపలికి వెళ్లి దీపం పెట్టి వస్తుంది. లోపల ఆమె గొంతు సన్నగా వినిపిస్తూనే ఉంటుంది, మంత్రమో పాటో అనుకునేవారు అందరూ.

"అత్తమ్మా, జర నెయ్యి అర్ర తాళం ఇయ్యరా? వైరు చూడాలె."

సుశీలమ్మ కూరగాయలు తరుగుతున్న కత్తిపీట మీంచి లేవకుండా కోడలి ముఖం చూసింది. "నేనొస్త పా" అంది.

అర్రలో పాత నెయ్యి కమురు వాసన. మూలన చెక్క పీట మీద, ఎర్ర గుడ్డ కప్పి, ఒక పాత కంప్యూటర్. దాని నుదుటన పసుపు, కుంకుమ బొట్టు, ఎండిన బంతిపూలు. గుడ్డ అంచు కింద పచ్చటి లైటు మినుకుమంటోంది.

"మీ మామ పెట్టించిండు" అంది సుశీలమ్మ. "పోయేముందు మంచంల ఉండి గూడ చెప్పిండు, గా అర్రల దీపం ఆరనియ్యకు అని. ఇన్వర్టర్‌కు గూడ కలిపిచ్చిన. నువ్వు ముట్టకు బిడ్డా."

మిషన్ అమ్మినవాడు దీన్ని ఎన్నడూ బంద్ చేయకండని వైకుంఠానికి చెప్పి ఉంటాడు. వైకుంఠం అదే మాట భార్యకు చెప్పాడు. ఆమె దానికి బొట్టు పెట్టింది. అంతేనని భాగ్యశ్రీ తనకు తాను చెప్పుకుంటూ ఉండగానే పచ్చ లైటు చటుక్కున రెండుమూడుసార్లు కొట్టుకుంది. బయట సర్వర్ దగ్గర ఎవరూ లేరు. తాను ఇక్కడ ఉంది. ఈ వానలో, ఈ బస్తీలో ఎక్కడో ఎవరో ఆ డబ్బాలో ఏదో రాశారు, దీనికి అందింది.

"ముట్టుకోను అత్తమ్మా" అని బయటికి వచ్చేసింది. సుశీలమ్మ రాలేదు, లోపలే ఉండిపోయింది.

సర్వర్ ముందు కూర్చుని ఆ మిషన్ చిరునామాకు తలుపు కొట్టింది. పాత పాస్‌వర్డే పనిచేసింది. సూచనల టేబుల్ తెరిచింది. ఇక్కడ ఖాళీగా ఉన్నది అక్కడ నిండి ఉంది. తెర మీద పేజీలకు పేజీలు పరుగెత్తాయి. తన రాతలు వెతికి తుడిచేసి లేచిపోవాలి, అంతే పని. కానీ కంటికి మొదట పడినవి తనవి కావు.

"పాలు పలుచగున్నయి. అమ్మ పోయి నెలయింది. ఎవ్వరికి చెప్పబుద్ధి అయితలేదు."

"రేపటిసంది అర లీటరు చాలు. ఇద్దరమే ఉన్నం. మాట్లాడుకోం."

బార్కస్ నుంచి ఒకామె. "దూద్ ఠీక్ హై. మై ఠీక్ నహీ హూఁ." పాలు బాగున్నాయట, ఆమే బాగా లేదట.

"పెరుగు పుల్లగుంది. నిన్న ఆయన కొట్టలే. మంచి గూడ రాయాలె గద అని రాస్తున్న."

భాగ్యశ్రీ కిందికి జరుపుతూ పోయింది. పాత ఏళ్లవి నిజంగా ఫిర్యాదులే. ప్యాకెట్ చిరిగింది, పిల్లాడు ఆలస్యంగా వచ్చాడు, అలాంటివి. ప్రతిదానికీ అందింది, ధన్యవాదాలు అని జవాబొచ్చింది, ఎవరూ ఏమీ చేయలేదు. చేయరని తెలిశాక మగవాళ్లు రాయడం మానేశారు. ఆడవాళ్లు మానలేదు. తెల్లారి సంచిలో ప్యాకెట్ తీసుకుని, ఇల్లు లేవకముందు, పొయ్యి వెలిగించే లోపు, ఎవరూ వినని చోటు దొరికిందని ఒక్కొక్కరే మాట్లాడటం మొదలుపెట్టారు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. తన ఒక్కదానిదే ఆ అలవాటని భాగ్యశ్రీ కూడా అనుకుంది.

ఆ రాతల మధ్యలో ఆమెకు ఒక పేరు కనిపించింది. ఒకటో నంబరు ఖాతా. వైకుంఠం.

మామ పోయి మూడేళ్లు. తేదీ ఇవాళ్టిది.

చుక్కలు, కామాలు లేకుండా ఒకే ఊపులో ఉన్నాయి ఆ మాటలు. "మోకాళ్లు గుంజుతున్నయి అయినా లేశిన నేను లేవకుంటె ఇంట్ల ఎవ్వరికి చాయ పుట్టదు." దానికి ముందుది: "ఐదు కాన్పులు ఐదింట్ల ఒక్కటి గూడ నన్ను అడిగి కాలే." ఇంకా ముందుకు వెళ్లింది.

"చిన్న కోడలు దవాఖానకు పోయొచ్చింది బట్టలు మిషన్ల వేస్తుంటె డ్రెస్సు జేబుల చీటి దొరికింది బొమ్మ చూస్తె సమజయింది చించి పొయ్యిల వేసిన మంచి పని చేసింది పిల్ల."

చీటి పోయిందని భాగ్యశ్రీ వారం రోజులు ఇల్లంతా వెతికింది. రవీందర్ చేతికి దొరికిందేమోనని అన్నం సహించక చిక్కిపోయింది.

"పైకి తిడుతున్న తిట్టకుంటె కొడుకుకు అనుమానమొస్తది డాక్టరు దగ్గరికి గుంజుకపోతడు నేను భక్తి లేదంటె వాడు దవాఖాన మాట ఎత్తడు మైసమ్మ తల్లి నన్ను మన్నించు కషాయంల ఏం లేదు ఉత్త వేపాకు."

భాగ్యశ్రీ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపో నవ్వో ఆమెకే తెలియలేదు. ఇన్ని మంగళవారాలు ఆ గుడి చుట్టూ తడిబట్టలతో తిరుగుతూ ఈ ముసలిదాన్ని ఎంత శపించిందో గుర్తొచ్చింది. ఆ శాపాలన్నీ కూడా ఇదే టేబుల్‌లో, ఈమె మాటల పక్కనే ఉన్నాయి.

గోడ అవతల, నెయ్యి అర్రలో, సన్నటి గొంతు మొదలైంది. మంత్రం కాదు. ఫోన్ మైకు నొక్కి నోటికి దగ్గరగా పెట్టుకుని, ఎవరికీ వినబడకుండా ఎవరితోనో చెప్పుకున్నట్టు. మామ ఫోనే ఇప్పుడు అత్త వాడుతోంది. ఖాతా పేరు మార్చాలని ఇంట్లో ఎవరికీ తోచలేదు. గొంతు ఆగింది. భాగ్యశ్రీ తెర వైపు చూసింది. అట్టడుగున కొత్త రాత ఒకటి చేరింది.

"చిన్న కోడలు దీపం అర్రకొచ్చింది ముఖం పాలిపోయింది ఏం చూసిందో ఏమో దానికేం కానియ్యకు."

ఆ మాట దేవుడికా, పోయిన భర్తకా, ఆ పచ్చ దీపానికా అన్నది తెలియలేదు. వాన నీళ్లు గుమ్మం దాటి లోపలికి వస్తున్నాయి, వెళ్లి గోనెపట్టా వేయాలని కూడా తోచలేదు. ఇన్నేళ్లూ ఒకే పొయ్యి ముందు నిలబడి, ఒకే కూరలో ఉప్పు చూసుకుంటూ, ఇద్దరూ చెప్పాల్సిందంతా ఒకే టేబుల్‌కి చెప్పుకున్నారు. పక్కనున్న మనిషి వంక తిరిగి ఒక్క మాట అనలేదు. తనకు కోపం వచ్చింది, ఎవరి మీదో కాదు, ఆ టేబుల్ మీద. అంత మర్యాదగా "అందింది" అనకపోయి ఉంటే ఏనాడో ఎవరో ఒకరు నోరు తెరిచేవాళ్లేమో.

తన రాతలు తుడవలేదు. తుడిస్తే అత్త మాటలు ఒంటరిగా మిగిలిపోతాయని అనిపించింది. ముందు నెయ్యి అర్ర మిషన్‌ని వినడం ఆపమంది, సర్వర్ నుంచి విడదీసింది. దాని పాస్‌వర్డ్ మార్చింది. సర్వర్ లాగ్‌ని ఖాళీ చేసింది. గోడ దగ్గర నీలం తీగ పీకి చుట్టచుట్టింది. దీపం వెలుగుతూనే ఉంటుంది, ఇక ఎవరూ లోపలికి వెళ్లలేరు, ఎవరూ చదవలేరు. తర్వాత ముందున్న సర్వర్‌లో సూచనల టేబుల్ ఇంజన్ మార్చింది, భద్రంగా దాచుకునే రకానికి. ఇకనుంచి రాసింది నిలుస్తుంది, బావ చదువుతాడు. మరి తెల్లారి ఆ బార్కస్ ఆమె ఎప్పటిలాగే రాస్తేనో? ఆ ఆలోచన రాగానే ఆప్‌లో మాట కూడా మార్చింది. "అందింది, ధన్యవాదాలు" తీసేసి, డబ్బా పైన పెద్ద అక్షరాలతో, తెలుగులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి పెట్టింది. ఇకనుంచి ఇక్కడ రాసింది మనుషులు చదువుతారు.

ఎంతమంది నోళ్లు మూస్తున్నానో అని బాధేసింది. అయినా పెట్టింది.

సాయంత్రం అంజన్‌కి ఫోన్ చేసి "గా టేబుల్‌ల పాతవి ఏం లేవు బావా, రేపటిసంది నిలుస్తయి" అంది. "గింత చదువు చదివి గిదా నువ్వు చేసింది" అన్నాడు ఆయన. ఆ వెంటే రవీందర్‌ని పిలిచి వేరే సంగతి కూడా ఏదో మాట్లాడాడు, వాళ్ల గల్లీలో ఒక డాక్టరమ్మ గురించి.

మర్నాడు పాల బండ్లు వెళ్లిపోయాక సుశీలమ్మ వంటింటి గడప మీద కూర్చుంది, చేతిలో ఫోన్. మూడో తరగతితో ఆగిన చదువు ఆమెది. పెదవులు కదుపుతూ అక్షరం అక్షరం కూడబలుక్కుంటోంది. "మ... ను... షు... లు." ఆగింది. మళ్లీ మొదటి నుంచి చదివింది. ఫోన్ ఒళ్లో బోర్లా పెట్టుకుని, ఇల్లు కాలిపోయినదానిలా ఎటో చూస్తూ ఉండిపోయింది. తర్వాత మెల్లగా తల తిప్పి కోడలి వంక చూసింది. భాగ్యశ్రీ ఆ చూపు తప్పించుకోలేదు. ఇద్దరి మధ్యా, అరువు తెచ్చిన సిలిండర్ మంట మీద, పాలు పొంగడానికి సిద్ధంగా ఉన్నాయి, ఎవరూ మంట తగ్గించలేదు.

రవీందర్ తల తుడుచుకుంటూ వచ్చి పీట వాల్చుకున్నాడు. "ఇగో, పదకొండింటికి తయారుండు. అన్న ఎవరో డాక్టరమ్మను చెప్పిండు. అన్ని టెస్టులు చేస్తదంట. అమ్మ మొక్కులతోని అయ్యేటట్టు లేదు."

భాగ్యశ్రీ స్టవ్ కట్టేసింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. నోరు కదిలిందో లేదో అనే అనుమానం ఈసారి రాకూడదని ఒక్కొక్క మాటా విడదీసి పలికింది.

"టెస్టులు అక్కర్లే. నేనే కాపర్-టీ ఏయించుకున్న. పోయినేడు. నాకు ఇంకొకరు వద్దు."

రవీందర్ చెంప మీద నీటిచుక్క జారుతోంది, తుడుచుకోలేదు. ముఖం మొదట తెల్లబడి తర్వాత ఎర్రబడింది. "ఏందీ? ఎవల్ని అడిగి? అమ్మా, ఇన్నవా దీని మాటలు? ఎవల్ని అడిగి చేసిందో అడుగు!"

సుశీలమ్మ గడప పట్టుకుని లేచింది. మోకాళ్లు సహకరించలేదు, గోడ ఆసరా తీసుకుంది. వచ్చి కోడలి పక్కన, భుజానికి భుజం తగిలేంత దగ్గరగా నిలబడింది.

"నాకు తెల్సురా. చీటి నేనే కాలవెట్టిన."

"నీకు తెల్సా? అమ్మా, నువ్వు గూడనా? మొగుణ్ని అడగకుంట..."

"ఐదో కాన్పు వద్దు, నా ఒంట్ల నెత్తురు లేదని దొరసాని డాక్టరు మీ నాయినకు చెప్పింది. సరే అన్నడు, మరిచిపోయిండు" అంది సుశీలమ్మ. ఆ గొంతులో కోపం లేదు, రోజూ ఫోన్‌కి చెప్పినంత నెమ్మదిగానే చెప్పింది, కాకపోతే ఈసారి కొడుకు కళ్లలోకి చూస్తూ. "ఆ ఐదోది నువ్వే కొడకా. నిన్ను కంటవా అని గూడ నన్నెవ్వరు అడగలే."